సారె వేరు, శంఖం వేరు

ఒక వస్తువును మరొక వస్తువుతో పోల్చి చెప్పడం మన సాహిత్యానికి పుట్టుకతో వచ్చిన గుణం. అర్థాలంకారాల పట్టిక రాసినవారిలో చాలామంది ఉపమతోనే మొదలుపెడతారు. కవిత్వానికి అది సొమ్ము. విజ్ఞానశాస్త్రం గురించి తెలుగులో రాయబూనినప్పుడు మాత్రం ఈ అలవాటే మన కాళ్ళకు అడ్డం పడుతున్నదని నా అభిప్రాయం. పోలిక కనబడగానే చుట్టరికం కలిపేస్తాము. ఈ వ్యాసంలో నేను వాదించదలచినది ఇంతే: పోలిక ఒక వస్తువును గుర్తుపట్టడానికి పనికివస్తుంది గాని, ఆ వస్తువు అలా ఎందుకు ప్రవర్తిస్తున్నదో చెప్పడానికి పనికిరాదు.

దీనికి సాక్ష్యంగా రసాయనశాస్త్రంలో ఒక మూలన ఉన్న విషయాన్ని తీసుకొంటున్నాను. కైరల్ మహావలయ లైగాండ్లతో పరివర్తన లోహాలు ఏర్పరచే సంక్లిష్ట సమ్మేళనాలు, వాటి నిర్మాణం, వాటి అయస్కాంత గుణం. పేరు చూసి పక్కకు తప్పుకోకండి. ఒక్కొక్క మాటనూ విడదీసి చూస్తే ఇందులో భయపడవలసినది ఏమీ లేదు. పైగా రెండు భిన్నమైన గుణాలు ఒకే అణువులో ఇరుగుపొరుగుగా కాపురం ఉండడం, చూసేవారు ఆ రెంటినీ ఒకటే అనుకోవడం ఇక్కడ కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనబడదు.

పరివర్తన లోహాలంటే ఇనుము, కోబాల్టు, నికెలు, రాగి, క్రోమియం వంటివి. వీటి పరమాణువులలో డి-ఆర్బిటాళ్ళనే ఐదు గదులు ఉంటాయి. ఒక్కొక్క గదిలో రెండేసి ఎలక్ట్రాన్లకు చోటు. లైగాండు అంటే లోహ అయానును పట్టుకొని ఉండే అణువు గాని, అయాను గాని. ఆ లైగాండు పెద్ద ఉంగరంలా ఉండి, లోపలి అంచున ఉన్న నైట్రోజన్లతోనో ఆక్సిజన్లతోనో లోహాన్ని చుట్టూ పట్టుకొంటే అది మహావలయం. ఇక కైరల్ అనే మాట చేయి అనే అర్థమిచ్చే గ్రీకు పదం నుంచి వచ్చింది. లార్డ్ కెల్విన్ 1894లో అచ్చయిన ఉపన్యాసంలో దీన్ని ప్రవేశపెట్టాడు. ఎడమ చేతిని అద్దంలో చూస్తే కుడి చేయి కనబడుతుంది. ఆ రెండు చేతులూ ఒకే అచ్చులో ఇమడవు. ఏ వస్తువైతే తన అద్దపు నీడతో ఇలా ఇమడదో అది కైరల్. ఈ గుణాన్ని ఇక్కడ హస్తత అంటాను.

ముందు అయస్కాంత గుణం సంగతి చూద్దాం. నికెలు లోహపు ముక్కను అయస్కాంతం లాగుతుందని అందరికీ తెలుసు. అదే నికెలు రెండు ఎలక్ట్రాన్లను వదులుకొని అయానుగా మారితే దానికి ఎనిమిది డి-ఎలక్ట్రాన్లు మిగులుతాయి. ఆరు దిక్కుల నుంచి ఆరు లైగాండు పరమాణువులు దాన్ని పట్టుకొంటే ఎనిమిదింటిలో ఆరు జంటలు కట్టి, రెండు ఒంటరిగా ఉండిపోతాయి. జంటలేని ఎలక్ట్రాన్ల సంఖ్యను దానికి రెండు కలిపిన సంఖ్యతో గుణించి వర్గమూలం తీస్తే అయస్కాంత భ్రామకం వస్తుందని ఇంటర్మీడియట్ పుస్తకాలలో చదువుకొన్నాము. రెండును నాలుగుతో గుణిస్తే ఎనిమిది, దాని వర్గమూలం 2.83 బోర్ మాగ్నెటాన్లు. తూచి చూస్తే సాధారణంగా 2.9కీ 3.3కీ మధ్య వస్తుంది. అదే అయానును ఒక వలయం నాలుగు వైపుల నుంచి ఒకే తలంలో గట్టిగా బిగించిందనుకోండి. ఐదు గదులలో ఒక గది శక్తి మెట్టు మీద చాలా ఎత్తుకు పోతుంది. ఎనిమిది ఎలక్ట్రాన్లూ కింది నాలుగు గదులలోనే జంటలుగా సర్దుకొంటాయి. భ్రామకం సున్న. నికెలు అదే, అయస్కాంతం మాత్రం దాన్ని లాగదు, కొద్దిగా తోస్తుంది కూడా.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 1960లో న్యూజీలాండులోని వెల్లింగ్‌టన్‌లో నీల్ కర్టిస్ అనే రసాయనవేత్త, మూడు ఎథిలీన్ డైఅమీన్ అణువులు పట్టుకొని ఉన్న నికెలు పెర్‌క్లోరేటును ఎసిటోనుతో కలిపినప్పుడు పసుపుపచ్చని స్ఫటికాలు వచ్చాయి. మొదటి పదార్థం ఊదారంగుది, అయస్కాంతం లాగేది. వచ్చినది పసుపురంగుది, అయస్కాంతం లాగనిది. ఎసిటోను ఊరకే ద్రావణిగా ఉండక చర్యలో పాల్గొని, నికెలు చుట్టూ పధ్నాలుగు పరమాణువుల వలయాన్ని అల్లింది. నాలుగు నైట్రోజన్లు లోపలికి తిరిగి లోహాన్ని పట్టుకొన్నాయి. సైక్లమ్ అనే మరొక పధ్నాలుగు సభ్యుల వలయంలో కూర్చున్న నికెలును నీటిలో కరిగిస్తే రెండు రూపాలూ ఒకే గిన్నెలో కనబడతాయి. రెండు నీటి అణువులు పైనా కిందా వచ్చి చేరినవి అయస్కాంత రూపాలు, చేరనివి పసుపు రూపాలు. వేడి చేస్తే నీరు ఊడిపోయి పసుపు పెరుగుతుంది. కనుక లోహం పేరు చూసి అయస్కాంత గుణాన్ని చెప్పలేము. దాన్ని ఎవరు, ఎన్ని వైపుల నుంచి, ఎంత బిగువుగా పట్టుకొన్నారో చూసి చెప్పాలి.

ఇప్పుడు హస్తత. కర్టిస్ వలయంలోని ద్విబంధాలను క్షయకరణం చేస్తే అందులో రెండు కర్బన పరమాణువులు హస్తత కేంద్రాలవుతాయి. ఒకటి ఎడమ, ఒకటి కుడి అయితే అది మీసో రూపం. ఎడమ కుడీ రద్దయి మొత్తం వలయానికి హస్తత ఉండదు. రెండూ ఎడమలు గాని, రెండూ కుడులు గాని అయితే వలయం మొత్తం కైరల్ అవుతుంది. మీసో వలయం నికెలు చుట్టూ చదునుగా పరచుకోవడానికి ఇష్టపడుతుంది. కైరల్ వలయం పుస్తకం సగానికి మడిచినట్లు సులభంగా మడతపడి, పక్కపక్కన రెండు చోట్లు ఖాళీ చేస్తుంది. ఆ చోట్లలో ఎసిటేటు వంటిది వచ్చి కూర్చుంటే నికెలు ఆరు వైపుల పట్టులోకి వచ్చి అయస్కాంత గుణం పొందుతుంది.

ఇక్కడే తొందరపాటుకు అవకాశం. 'చూశారా, హస్తత ఉన్నది కనుక అయస్కాంత గుణం వచ్చింది' అని రాసేయవచ్చు. అది తప్పు. కైరల్ వలయంలో ఎడమ-ఎడమ రూపాన్నీ కుడి-కుడి రూపాన్నీ వేరు చేసి తూచితే రెంటి భ్రామకమూ ఒక్కటే. అయస్కాంత గుణాన్ని తెచ్చినది హస్తత అయితే, చేయి మారినప్పుడు అదీ మారాలి కదా! మారదు. మార్పు తెచ్చినది మడత. హస్తత ఆ మడతకు వీలు కల్పించింది, అంతే. అదే మడత, అదే పట్టు మరే విధంగా వచ్చినా భ్రామకం అలాగే ఉంటుంది.

దీనికి ఎదురు సాక్ష్యం మన శరీరంలోనే ఉంది. విటమిన్ బి12లో కోబాల్టును పట్టుకొని ఉన్న వలయాన్ని కోరిన్ అంటారు. ఆ వలయపు అంచున తొమ్మిది హస్తత కేంద్రాలు ఉన్నాయి. ప్రకృతి చేసిన కైరల్ మహావలయాలకు ఇంతకంటే గొప్ప ఉదాహరణ చూపడం కష్టం. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు కాలేయంలోని రక్తహీనత నివారక పదార్థం కోసం అమెరికాలో ఏళ్ళ తరబడి వెదికారు. ఆ అన్వేషణ ఫోలిక్ ఆమ్లం వైపు దారితీసింది. ఆయన కన్నుమూసిన 1948లోనే బి12 స్ఫటికాలు మొదటిసారి వేరుచేయబడ్డాయి. దాని నిర్మాణాన్ని ఎక్స్-కిరణాల సాయంతో డొరొతీ హాజ్‌కిన్ 1956 నాటికి ఛేదించి, 1964లో నోబెల్ బహుమానం అందుకొన్నది. ఈ విటమిన్‌లోని కోబాల్టు మూడు స్థితులలో ఉండగలదు. మూడు ధనావేశాలున్నప్పుడు జంటలేని ఎలక్ట్రాన్లు లేవు. రెండున్నప్పుడు ఒకటి ఉంటుంది. ఒకటే ఉన్నప్పుడు మళ్ళీ ఏదీ ఉండదు. వలయం అంచున తొమ్మిది కేంద్రాలూ ఈ మార్పుల పొడవునా తమ చేతిని మార్చుకోవు. నికెలులో చేయి మారినా అయస్కాంత గుణం మారలేదు. కోబాల్టులో చేయి మారకుండానే అయస్కాంత గుణం మారింది. రెండు గుణాలు వేరు వేరని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

అయినా ఇంత స్పష్టమైన తేడాను గొప్పవారు కూడా ఎందుకు దాటిపోయారు? పోలిక అంత బలమైనది గనుక. చక్కెర పానకం గుండా ధ్రువిత కాంతిని పంపితే ఆ కాంతి కంపించే తలం కొంత తిరుగుతుంది. ఈ భ్రమణం అణువుల హస్తత వల్ల కలుగుతుంది. 1848లో లూయీ పాశ్చర్ టార్టరిక్ ఆమ్లపు లవణ స్ఫటికాలను సూక్ష్మదర్శిని కింద ఎడమవి ఒక కుప్ప, కుడివి ఒక కుప్పగా ఏరి, ఒక కుప్ప ద్రావణం కాంతిని ఒక వైపుకూ రెండవది రెండవ వైపుకూ తిప్పుతాయని చూపించాడు. దానికి మూడేళ్ళ ముందు, 1845లో, మైకేల్ ఫారడే హస్తత ఏమీ లేని గాజు ముక్కను బలమైన అయస్కాంతం దగ్గర ఉంచితే అదీ కాంతి తలాన్ని తిప్పుతుందని కనుగొన్నాడు. అక్కడా భ్రమణమే, ఇక్కడా భ్రమణమే. కనుక అయస్కాంతానికీ ఏదో ఒక 'చేయి' ఉండి తీరాలని పాశ్చర్‌కు తోచింది. 1853 ప్రాంతంలో స్ట్రాస్‌బర్గ్‌లో శక్తిమంతమైన అయస్కాంతాలు సమకూర్చుకొని, వాటి మధ్య స్ఫటికాలను పెంచి, వాటికి హస్తత అబ్బుతుందేమోనని చూశాడు. అబ్బలేదు.

పాశ్చర్‌ను ఎగతాళి చేయడం నా ఉద్దేశ్యం కాదు. ఆయన పోలికను నమ్మాడు గాని, నమ్మి ఊరుకోలేదు, ప్రయోగానికి పెట్టాడు. మనలో చాలామందికి లేనిది ఆ రెండవ గుణమే. ఆ తరువాత కెల్విన్, అయస్కాంతం కలిగించే భ్రమణంలో ఎడమచేతితనం గాని కుడిచేతితనం గాని లేదని తేల్చి చెప్పాడు. అయినా రెంటినీ మనం ఒకే మాటతో 'భ్రమణం' అంటున్నాము. మాట ఒకటి కావడమే మోసానికి సగం కారణం.

తేడాను ఎవరైనా పట్టుకోగల పరీక్ష ఒకటుంది. కాంతిని పానకం గుండా పంపి, అవతల అద్దం పెట్టి, వచ్చిన దారినే వెనక్కు పంపండి. వెళ్ళేటప్పుడు తిరిగినదంతా వచ్చేటప్పుడు విప్పుకొని సున్న అవుతుంది. మరచుట్టును ఇటు నుంచి చూసినా అటు నుంచి చూసినా ఒకే చేతిదిగా కనబడుతుంది కదా, అందుకని. అదే పని అయస్కాంతం మధ్యనున్న గాజుతో చేస్తే రద్దు కావడం అటుంచి భ్రమణం రెట్టింపవుతుంది. ఒకటి దారిని బట్టి తిప్పేది, మరొకటి దారితో నిమిత్తం లేకుండా అయస్కాంతపు దిక్కును బట్టి తిప్పేది.

ఇంకా సుళువుగా చెప్పాలంటే కుమ్మరి సారెనూ శంఖాన్నీ తలచుకోండి. తిరుగుతున్న సారె కింద నేల మీద అద్దం పరచి చూస్తే, అద్దంలోని సారె కూడా అదే వైపుకు తిరుగుతుంది. అసలుకూ నీడకూ తేడా లేదు. కనుక సారె తిరుగుడుకు చేయి లేదు. శంఖాన్ని అదే అద్దం మీద నిలబెడితే నీడలో చుట్లు తారుమారై మామూలు శంఖం దక్షిణావర్తమైపోతుంది. నిజంగా దొరికితే దానికి ఎంత వెల ఇస్తారో మీకు తెలియనిది కాదు! తీగచుట్టలో ప్రవహించే విద్యుత్తు కలిగించే అయస్కాంత క్షేత్రం సారె వంటిది. కైరల్ అణువు శంఖం వంటిది. రెంటిలోనూ చుట్టు ఉన్నదని సారెను శంఖం అనలేము. నేనూ ఇక్కడ పోలికే వాడుతున్నాను కదా అని మీరు అడగవచ్చు. వాడుతున్నాను, అయితే వస్తువులను గుర్తుపట్టడానికి మాత్రమే. తీర్పు చెబుతున్నది అద్దం.

ఈ మాత్రం అద్దపు పరీక్ష గుర్తుంచుకొని ఉంటే 1994 నాటి గందరగోళంలో కొందరైనా వెంటనే అనుమానించేవారు. ఆ ఏడాది జర్మనీలోని ఒక విశ్వవిద్యాలయం నుంచి, ఊరకే అయస్కాంత క్షేత్రంలో ఉంచి చర్య జరిపితే ఒక చేతి అణువులే ఎక్కువగా వస్తున్నాయని ఒక వ్యాసం వెలువడింది. పాశ్చర్ కల ఫలించిందని సంబరపడినవారు ఉన్నారు. మందుల తయారీకి కలగబోయే మేలును లెక్కగట్టినవారూ ఉండే ఉంటారు, ఎందుకంటే మందులలో ఒక చేతిది మేలు చేసి రెండవది కీడు చేయడం కద్దు. ఇతర ప్రయోగశాలలలో చేసి చూస్తే రాలేదు. పరిశోధక విద్యార్థి ఫలితాలను తారుమారు చేశాడని తేలి, వ్యాసాన్ని వెనక్కు తీసుకొన్నారు. మోసం చేసినది ఒక మనిషి కావచ్చు. ఆ మోసాన్ని నమ్మదగినదిగా చేసినది మాత్రం పాత పోలిక.

మన తర్కశాస్త్రం ఈ విషయంలో ఎంతో జాగ్రత్త పడింది. నైయాయికులు ప్రత్యక్షం, అనుమానం, శబ్దంతో పాటు ఉపమానాన్ని కూడా ప్రమాణంగా అంగీకరించారు. అయితే వారు ఇచ్చిన ఉదాహరణను గమనించండి. గవయమనే మృగం గోవులా ఉంటుందని అడవి మనిషి చెప్పగా విన్నవాడు, అడవికి వెళ్ళి ఆవు వంటి మృగాన్ని చూసి, గవయమనే పేరు దీనిదేనని తెలుసుకొంటాడు. ఉపమానం ఇచ్చిన జ్ఞానం అంతే: ఈ పేరు ఈ వస్తువుది అని. ఆవును పోలినది గనుక గవయాన్ని ఇంటికి తోలుకొని వచ్చి పాలు పితకవచ్చునని ఏ నైయాయికుడూ అనలేదు. ఆ మాట చెప్పాలంటే వేరే హేతువు చూపాలి. ఉపమానం హద్దు ఎక్కడో వారికి తెలుసు. మనమే ఆ హద్దు చెరిపేశాము.

ఇదంతా పండితుల చర్చ, మనకెందుకని అనుకొనేవారి కోసం ఒక ఇంటి సంగతి చెబుతాను. మా బంధువులలో ఒక పెద్దావిడకు రక్తహీనత. వైద్యులు ఇనుము మాత్రలు రాసి ఇచ్చారు. ఒక అమ్మకందారు ఇంటికి వచ్చి, రక్తంలో ఇనుము ఉన్నది, ఇనుమును అయస్కాంతం లాగుతుంది, కనుక అయస్కాంతపు బిళ్ళలు కుట్టిన పరుపు మీద పడుకొంటే రక్తం చురుకుగా పారుతుందని చెప్పాడు. ఆవిడ పరుపు కొని, మాత్రలు మానేశారు. కొన్ని నెలలకు మెట్లు ఎక్కలేని స్థితికి వచ్చారు. అమ్మకందారు చెప్పిన మూడు ముక్కలలో మొదటిది నిజం, రెండవది ఇనుప ముక్క విషయంలో నిజం. మూడవది అబద్ధం. మొదటి రెండు నిజాలను కలిపి కుట్టిన దారం పోలిక. ఇనుము అనే పేరు రెండు చోట్లా ఒకటే కదా!

రక్తంలోని ఇనుము మేకులోని ఇనుము వంటిది కాదు. అది ఒక్కొక్క అయానుగా విడివిడిగా హీమ్ అనే మహావలయంలో కూర్చొని ఉంటుంది. 1936లో లైనస్ పౌలింగ్, చార్లెస్ కొరియెల్ కలిసి రక్తపు అయస్కాంత గుణాన్ని తూచి చూశారు. ఆక్సిజన్ మోస్తున్న హీమోగ్లోబిన్‌లో జంటలేని ఎలక్ట్రాన్లు లేవని, ఆక్సిజన్ వదిలినప్పుడు ఒక్కొక్క హీమ్‌కు నాలుగు ఉంటాయని తేలింది. అంటే ధమనులలోని రక్తాన్ని అయస్కాంతం కొద్దిగా తోస్తుంది. సిరలలోని హీమోగ్లోబిన్‌కు కొద్దిపాటి ఆకర్షణ ఉన్నా, మొత్తం రక్తంలో నీటిదే పైచేయి. ఆసుపత్రులలోని ఎమ్మారై యంత్రాలు సాధారణంగా 1.5 లేదా 3 టెస్లాల బలం గలవి. వాటిలో పడుకొన్న మనిషి రక్తం ఒక పక్కకు పోగుపడడం లేదు. ఆ బలం ముందు పరుపులోని బిళ్ళలు ఏపాటి?

ముచ్చటేమంటే, ఆక్సిజన్ ఉన్న రక్తానికీ లేని రక్తానికీ మధ్యనున్న ఈ సూక్ష్మమైన తేడా మీదనే 1990లో సెయిజీ ఒగావా బృందం ఒక పద్ధతిని నిర్మించింది. మెదడులో ఏ భాగం పనిచేస్తున్నదో పుర్రె తెరవకుండా చూడగలుగుతున్నది దాని వల్లనే. అదే ఇనుము, అదే వలయం, అదే అయస్కాంతం. ఒకరు పోలిక మీద ఆధారపడి పరుపులు అమ్మారు. మరొకరు తూకం మీద ఆధారపడి వైద్యానికి కొత్త చూపునిచ్చారు.

ఇంతవరకు చెప్పినది విని, హస్తతకూ అయస్కాంత గుణానికీ ఏ సంబంధమూ లేదని నేనంటున్నానని అనుకోవద్దు. అది మరొక వైపు తొందరపాటు అవుతుంది. సంబంధం ఉంది. అయితే అది పోలిక ఊహించిన చోట లేదు. సారె ఒకే చోట తిరుగుతుంటే దానికి చేయి లేదన్నాను. తిరుగుతూ ముందుకు కూడా కదిలితే? అప్పుడు దాని మీది ప్రతి బిందువూ మరచుట్టు గీస్తుంది, దానికి చేయి వచ్చేస్తుంది. అలాగే అయస్కాంత క్షేత్రం ఒంటరిగా హస్తతను పుట్టించలేదు గాని, ఆ క్షేత్రం వెంట కాంతి ప్రయాణిస్తుంటే ఆ రెండూ కలిసి పుట్టించగలవు. 1997లో రిక్కెన్, రౌపాచ్ అనే శాస్త్రజ్ఞులు కైరల్ యూరోపియం సంక్లిష్టం వెలువరించే కాంతిలో, అయస్కాంత క్షేత్రం వెంట వెళ్ళే కాంతికీ ఎదురు వెళ్ళే కాంతికీ తేడా ఉందని, అణువు చేయి మారితే ఆ తేడా తిరగబడుతుందని చూపించారు. 2000లో వారే, మూడు ఆక్సలేట్లు గాలిమరలా పట్టుకొన్న క్రోమియం అయానుపై చాలా బలమైన క్షేత్రం వెంట మామూలు అధ్రువిత లేజరు కాంతిని ప్రసరింపజేసి, ఒక చేతి రూపం అతి స్వల్పంగా పెరగడం చూశారు. క్షేత్రపు దిక్కు మారిస్తే రెండవ చేయి పెరిగింది. 2008లో మాంగనీసు, క్రోమియం కలిసిన ఒక కైరల్ ఆక్సలేటు అయస్కాంతాన్ని బాగా చల్లబరచి, ఎలక్ట్రాన్ల తిరుగుళ్ళన్నీ ఒకే వరుసలోకి వచ్చినప్పుడు ఈ ప్రభావం ఎన్నో రెట్లు బలపడుతుందని మరొక బృందం చూపించింది.

పాశ్చర్‌కు కావలసినది దాదాపు నూటయాభై సంవత్సరాల తరువాత దొరికిందన్నమాట. దొరికినది ఎలా? రెంటినీ ఒకటిగా భావించినందువల్ల కాదు. రెండూ వేరని ఒప్పుకొని, ఒక్కొక్కదానికి ఏ అద్దపు నియమం వర్తిస్తుందో విడివిడిగా రాసుకొని, కలవాలంటే ఇంకా ఏం కావాలో లెక్క వేసినందువల్ల. విడదీయడం తెలిసినవారికే కలపడం చేతనవుతుందని నా నమ్మకం.

కైరల్ మహావలయాలపై ఈనాడు జరుగుతున్న పనిని నేను గౌరవించేది ఇందుకే. హస్తతను వలయంలో ఎక్కడ ఉంచాలి, వలయం ఎంత మడతపడాలి, లోహానికి ఎన్ని ఒంటరి ఎలక్ట్రాన్లు ఉండాలి అన్న మూడు ప్రశ్నలను అక్కడ వేరువేరుగా అడగవచ్చు. నిర్మాణాన్ని ఎక్స్-కిరణాలతో చూసి, భ్రామకాన్ని తూచి, రెండు చేతుల రూపాలనూ పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. ఇక్కడ పోల్చడం అంటే కొలిచి పోల్చడం. ఉపమతో దానికి పేరులో తప్ప పోలిక లేదు.

మనవారిలో విజ్ఞానాన్ని తెలుగులో చెప్పాలన్న ఉత్సాహం ఉన్నవారికి నా విన్నపం ఒకటే. పోలికలు మానేయమని అనను. అవి లేకపోతే కొత్త విషయానికి వాకిలి లేదు. వాకిలి దాటించిన తరువాత ఆ పోలిక ఎక్కడ చెల్లదో కూడా ఒక్క వాక్యంలో చెప్పండి. ఇందులో ఒకటి మారి రెండవది మారని సందర్భం ఉన్నదా అని రాసే ముందు మిమ్మల్ని మీరే అడగండి. బడిలో భ్రామకం సూత్రాన్ని వల్లె వేయించే ఉపాధ్యాయులు, అది కంఠస్థం చేయవలసిన లెక్క కాదనీ, లోహాన్ని ఎవరెలా పట్టుకొన్నారో బయటపెట్టే సాక్షి అనీ పిల్లలకు ఒక్కసారి చెబితే, ఆ పిల్లలు పెద్దయ్యాక పరుపు అమ్మేవాడిని ఒక ప్రశ్న అడగగలుగుతారు.

నాతో విభేదించేవారు ఉంటే సంతోషం. పోలిక ఒక్కటే ఆధారంగా కారణం తేలిన సందర్భం ఏదైనా మీ ఎరుకలో ఉంటే చెప్పండి, తెలుసుకొంటాను.